కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్లకి: భార్యని లేదా భర్తని అవుట్‌ల్యాండ్‌లో స్పాన్సర్ చేయాలా, ఇన్‌ల్యాండ్‌లోనా?

ఈ మధ్య వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతున్నారు. "అక్కా, పెళ్లయింది, నాకు పీఆర్ ఉంది, మా ఆవిడ గుంటూరులో ఉంది. విజిటర్ వీసా మీద ఇక్కడికి తెచ్చి ఇన్‌ల్యాండ్ వేయాలా, తను అక్కడ ఉండగానే అవుట్‌ల్యాండ్ వేసేయాలా?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పడం కంటే ఒకసారి కూర్చుని రాసిపెడితే మేలనిపించింది. నేను కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాను. లాయర్ని కాను, కన్సల్టెంట్‌నీ కాను. 2022 మాఘమాసంలో పెళ్లి చేసుకుని, కాకినాడలో ఉన్న మా వారిని నేనే ఫైల్ వేసి తెచ్చుకున్నాను. ఆ పనిలో చదివినవీ పడినవీ, నా చుట్టూ ఉన్నవాళ్లకి జరిగినవీ కలిపి చెప్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ భార్య లేదా భర్త ఇండియాలో ఉంటే అవుట్‌ల్యాండ్ వేయండి. కెనడాలోనే మీతో ఉన్నా, చేతిలో సరైన స్టేటస్ (అక్కడ చట్టబద్ధంగా ఉండే అనుమతి) ఉంటే అప్పుడు కూడా అవుట్‌ల్యాండే వేయండి. ఇన్‌ల్యాండ్ కొందరికే, కొన్ని పరిస్థితుల్లోనే సరిపోతుంది. అందరూ "ఏది తొందరగా వస్తుంది?" అని అడుగుతారు గానీ, "రిజెక్ట్ అయితే నా చేతిలో ఏం మిగులుతుంది?" అని ఎవరూ అడగరు, నా లెక్కలో ముందు అడగాల్సింది అదే.

చాలామందికి పేరు దగ్గరే తికమక మొదలవుతుంది. అవుట్‌ల్యాండ్ అంటే మనిషి కెనడా బయటే ఉండాలని కాదు. అది ఫ్యామిలీ క్లాస్ (కుటుంబ సభ్యుల్ని తెచ్చుకునే కేటగిరీ) కింద వేసే అప్లికేషన్, మనిషి ఇండియాలో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, మీ ఇంట్లో మీ పక్కనే ఉన్నా వేసుకోవచ్చు. ఇన్‌ల్యాండ్ అలా కాదు. ఇద్దరూ కెనడాలో ఒకే ఇంట్లో కలిసి కాపురం చేస్తూ ఉండాలి, వేసే రోజే కాదు, నిర్ణయం వచ్చేదాకా. ఫారాలు దాదాపు అవే, ఫీజు అదే, పెళ్లి నిజమైనదని చూపించే సాక్ష్యాలూ అవే. తేడా అంతా ఈ కింద చెప్పే మూడు విషయాల్లోనే.

మొదటిది అప్పీల్. అవుట్‌ల్యాండ్ రిజెక్ట్ అయితే స్పాన్సర్ 30 రోజుల్లోపు ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి వెళ్లొచ్చు. అక్కడ కొత్త సాక్ష్యాలు పెట్టొచ్చు, ఇద్దరూ మాట్లాడొచ్చు, ఆఫీసర్‌కి అర్థం కాని మన పద్ధతుల్ని వివరించి చెప్పొచ్చు. ఇన్‌ల్యాండ్‌కి ఆ దారి లేదు. మిగిలేది ఫెడరల్ కోర్టు ఒక్కటే, అదీ 15 రోజుల్లోపు వేయాలి, ముందు కోర్టు అనుమతి ఇవ్వాలి, లాయర్ ఖర్చు వేలల్లో ఉంటుంది. పైగా కోర్టు మీ పెళ్లి నిజమా కాదా అని మళ్లీ మొదటినుంచి విచారించదు, ఆఫీసర్ నిర్ణయం సబబుగా ఉందా లేదా అన్నంతవరకే చూస్తుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు చేసుకునే మనకి ఇది చిన్న తేడా కాదు. పెళ్లిచూపులైన నెలకే పెళ్లి, పెళ్లయిన పది రోజులకే అమ్మాయో అబ్బాయో విమానం ఎక్కేయడం మన దగ్గర మామూలే కదా. ఫైల్ చదివే ఆఫీసర్‌కి అది మామూలుగా అనిపించకపోతే, ఎదురుగా కూర్చుని చెప్పుకునే హక్కు ఉండడం చాలా పెద్ద ధైర్యం.

రెండోది ప్రయాణం. ఇన్‌ల్యాండ్ వేసిన మనిషి దేశం దాటకూడదన్న రూల్ లేదు, కానీ దాటి తిరిగి రాలేకపోతే ఆ అప్లికేషన్ నిలబడదు, ఎందుకంటే దాని పునాదే మీరిద్దరూ ఇక్కడ కలిసి ఉండడం. చేతిలో మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉన్నా ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ లోపలికి రానిస్తాడన్న హామీ ఎవరూ ఇవ్వరు. నాకు తెలిసిన ఖమ్మం అమ్మాయి ఒకరు ఇన్‌ల్యాండ్ వేసి ఎదురుచూస్తుండగా ఊళ్లో వాళ్ల నాన్నగారికి స్ట్రోక్ వచ్చింది. వీసా గడువు అప్పటికే అయిపోయింది, లోపల ఉండడానికి ఎక్స్‌టెన్షన్ ఉంది గానీ బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రావడానికి వీసా లేదు. వెళ్లలేకపోయింది. ఆయన పోయాక కర్మకాండలన్నీ వీడియో కాల్‌లో చూసింది. ఆ రోజు వాళ్లింట్లో నేనూ ఉన్నాను. అందుకే ఎవరు అడిగినా ముందు ఒక ప్రశ్న వేస్తాను: ఇంటి దగ్గర పెద్దవాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది? అవుట్‌ల్యాండ్ వేసుకుని ఇక్కడ ఉంటే, తిరిగి రావడంలో ఆలస్యమైనా ఆ పీఆర్ ఫైల్‌కి ఏమీ కాదు. ఇండియాలోనే ఉండి మిగతాది పూర్తి చేసుకోవచ్చు.

మూడోది వర్క్ పర్మిట్. ఇన్‌ల్యాండ్ వైపు అందరూ మొగ్గడానికి పాత కారణం ఇదే. ఒకప్పుడు ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పని చేసుకునే అనుమతి) ఇన్‌ల్యాండ్ వాళ్లకే ఇచ్చేవాళ్లు. 2023 మే నుంచి అది మారింది. ఫ్యామిలీ క్లాస్‌లో వేసి, కెనడాలో స్పాన్సర్‌తో కలిసి ఉంటూ స్టేటస్ సరిగ్గా ఉన్నవాళ్లు కూడా ఓపెన్ వర్క్ పర్మిట్‌కి పెట్టుకోవచ్చు. అప్లికేషన్ అందిందని వచ్చే ఉత్తరం జత చేసి పెట్టాలి. దాని ఫీజు 255 డాలర్లు. ఇంకా చాలామంది, కొందరు ఏజెంట్లు కూడా, "పని చేసుకోవాలంటే ఇన్‌ల్యాండే" అని చెప్తున్నారు. వాళ్లు పాత మాట చెప్తున్నారు.

ఇక ఎంత టైం పడుతుందంటారా. ఇమిగ్రేషన్ వాళ్లు పెట్టుకున్న లెక్క 12 నెలలు. అసలు పట్టే టైం దానికి అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. గత కొంతకాలంగా ఇన్‌ల్యాండ్‌కే ఎక్కువ పడుతోంది. వేసే రోజున ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి, ఎవరి స్నేహితుడికో ఆరు నెలల్లో వచ్చిందన్న మాట పట్టుకుని ఉద్యోగానికి రాజీనామా చేయొద్దు. క్యుబెక్‌లో ఉంటున్నవాళ్లకి ఇదంతా వేరే లెక్క. ఆ రాష్ట్రానికి విడిగా హామీ ఇవ్వాలి, ఎన్ని అప్లికేషన్లు తీసుకోవాలన్న పరిమితులు కూడా అక్కడ పెట్టారు, కాబట్టి మాంట్రియల్ వాళ్లు ముందు అక్కడి రూల్స్ చదవాలి.

మరి ఇన్‌ల్యాండ్ ఎవరికి? మీ భార్య లేదా భర్త ఇక్కడే మీతో ఉంటూ, స్టడీ పర్మిట్టో వర్క్ పర్మిట్టో అయిపోయి స్టేటస్ పోగొట్టుకుని ఉంటే వాళ్లకి ఇన్‌ల్యాండే సరైనది. అలాంటివాళ్ల కోసం 2005 నుంచి ఒక పాలసీ ఉంది, స్టేటస్ లేకపోయినా భార్యాభర్తలు కలిసి ఉంటుంటే ఇన్‌ల్యాండ్ తీసుకుంటారు. అయితే ఇది అన్నిటినీ కప్పేసే గొడుగు కాదు. ఇదివరకే దేశం విడిచి వెళ్లమన్న ఆర్డర్ ఉన్నా, ఏదైనా నేరం కేసు ఉన్నా వెంటనే లైసెన్స్ ఉన్న లాయర్ దగ్గరికి వెళ్లాలి, నాలాంటి వాళ్ల సలహా సరిపోదు. అలాగే ఎప్పటికీ ఇండియా వెళ్లే పని లేనివాళ్లు, ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ సాక్ష్యాలు గట్టిగా ఉన్నవాళ్లు ఇన్‌ల్యాండ్ వేసుకున్నా తప్పేం లేదు. కానీ "తొందరగా అవుతుంది" అన్న ఆశతో ఇండియాలో ఉన్న మనిషిని విజిటర్ వీసా మీద రప్పించి మరీ ఇన్‌ల్యాండ్ వేయడం, నన్నడిగితే వద్దు.

రప్పించడమే తప్పని మాత్రం అనను. అవుట్‌ల్యాండ్ వేసేసి, ఆ తర్వాత విజిటర్ వీసాకి పెట్టుకోవడం మంచి పద్ధతి. చాలామంది భయపడేది ఏమిటంటే, "పీఆర్‌కి వేశాక విజిటర్ వీసా అడిగితే, తిరిగి వెళ్లవు కదా అని కొట్టేస్తారు" అని. కెనడా చట్టంలోనే రాసి ఉంది, పీఆర్ కావాలనే ఉద్దేశం ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా రావడానికి అనర్హులు కారని. దాచాల్సిన పని లేదు, నిజానికి దాచకూడదు. మా వారికి మొదటిసారి రిజెక్ట్ అయింది. ఎందుకంటే మేము అప్లికేషన్‌లో "టూరిజం" అని పెట్టి, పీఆర్ ఫైల్ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు, అలా రాయమని సలహా ఇచ్చిన మనిషికి డబ్బులు కూడా కట్టాం. రెండోసారి నేనే రాశాను. "నా భార్య కెనడాలో ఉంది, పీఆర్ ఫైల్ నడుస్తోంది, ఫైల్ నంబరు ఇది, ఆమెతో ఉండడానికి వస్తున్నాను, పీఆర్ రాకపోతే గడువు లోపల తిరిగి వెళ్తాను" అని సూటిగా పెట్టాం, జీతం కాగితాలూ కాకినాడ ఇంటి కాగితాలూ జత చేశాం. వచ్చింది. విజిటర్‌గా వచ్చినవాళ్లకి మామూలుగా 6 నెలలు ఉండనిస్తారు. అది అయిపోకముందే ఎక్స్‌టెన్షన్‌కి పెట్టండి, ఒక్క రోజు దాటినా తర్వాత టెన్షన్ మీకే.

ఇంకో పోలిక కూడా ఇక్కడే చెప్పాలి. ఇది ఇంకా పీఆర్ చేతికి రానివాళ్ల కోసం, దయచేసి నిదానంగా చదవండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (చదువుకి, ఉద్యోగ అనుభవానికి పాయింట్లు వేసి పీఆర్ ఇచ్చే పద్ధతి) ఫైల్ నడుస్తుండగా పెళ్లి కుదిరితే, ఇప్పుడే చేసుకోవాలా, ల్యాండ్ అయ్యాక, అంటే పీఆర్ చేతికొచ్చాక చేసుకోవాలా? రెండూ న్యాయమైన దారులే. ఇప్పుడు చేసుకుంటే వెంటనే ఫైల్‌లో చెప్పాలి. చెప్పాక భార్యని లేదా భర్తని కూడా వెంట తెచ్చుకోవచ్చు, లేదా "ఇప్పుడు వెంట రావడం లేదు" అని పెట్టి తర్వాత స్పాన్సర్ చేసుకోవచ్చు. వెంట రాకపోయినా వాళ్లకి మెడికల్ పరీక్ష చేయించాల్సిందే. ఎవరూ వేయకూడని అడుగు ఒకటుంది, పెళ్లి చేసుకుని దాచేయడం. పాయింట్లు తగ్గుతాయనో, ఫైల్ ఆలస్యమవుతుందనో, "ల్యాండ్ అయ్యాక చెప్దాంలే" అనో దాచేస్తారు. పీఆర్ వచ్చే నాటికి చెప్పని, పరీక్ష చేయించని భార్యని లేదా భర్తని ఆ తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేయడానికి కుదరదు. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, ఆ బంధానికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. మానవతా దృష్టితో చూడమని అడుక్కోవడం తప్ప పెద్దగా దారి ఉండదు, పైగా అబద్ధం చెప్పారని మీ పీఆర్ మీదకే వచ్చే ప్రమాదం ఉంది. నిశ్చితార్థం వరకు అయితే ఫర్వాలేదు, అది పెళ్లి కాదు. గుళ్లో దండలు మార్చుకుని "ఇంకా రిజిస్టర్ చేయలేదుగా" అనుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త, శాస్త్రోక్తంగా జరిగిన హిందూ పెళ్లి రిజిస్ట్రేషన్ లేకపోయినా పెళ్లే.

అమెరికాలో ఉన్నట్టు కెనడాలో కాబోయే భార్యకి విడిగా వీసా లేదు, కాబట్టి స్పాన్సర్ చేయాలంటే మామూలుగా పెళ్లైనా కావాలి, లేదా కనీసం ఏడాది పాటు కలిసి కాపురం చేసినట్టు చూపించాలి. ఫోన్‌లోనో వీడియోలోనో చేసుకున్న పెళ్లి చెల్లదు. 2015 జూన్ నుంచి ఇది కచ్చితంగా అమలవుతోంది. హైదరాబాద్‌లో ఫోన్ మీద నిఖా చేసుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, వాళ్లకి నా మాట ఒక్కటే: టికెట్ ఖర్చుకి వెనకాడకుండా వెళ్లి, ఇద్దరూ ఒకేచోట ఉండి పెళ్లి చేసుకోండి.

రిజిస్ట్రేషన్ విషయంలో నేను పొరపాటు పడబోయి తప్పించుకున్నాను. మూడు వారాల సెలవు మీద వెళ్లాను, పెళ్లయ్యాక "సర్టిఫికెట్ నువ్వు వెళ్లాక తీసుకుంటాంలే" అన్నారు ఇంట్లో. మా మావయ్య ఒక్కరే పట్టుబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లారు, ఇద్దరూ సాక్షులతో సహా అక్కడ ఉండాలి కాబట్టి. నేను వచ్చేశాక అయితే దాని కోసమే మళ్లీ వెళ్లాల్సి వచ్చేది. మతాంతర పెళ్లి వల్లో, మరే కారణం వల్లో స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకోవాలనుకునేవాళ్లు ఇంకా ముందే చూసుకోవాలి. నోటీసు ఇచ్చేముందు ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి, నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. మూడు వారాల సెలవులో అది అయ్యే పని కాదు, కాబట్టి నోటీసు పని అక్కడ ఉన్న మనిషి ముందే మొదలుపెట్టాలి.

సాక్ష్యాల గురించి. ఐఎంఎం 5532 అనే ఫారం ఉంటుంది. ఎలా పరిచయం, ఎవరు కుదిర్చారు, మొదటిసారి ఎదురెదురుగా ఎప్పుడు కలిశారు, పెళ్లికి ఎవరొచ్చారు, అన్నీ అడుగుతారు. ఇద్దరూ విడివిడిగా గుర్తు తెచ్చుకుని, తర్వాత తేదీలు సరిచూసుకుని రాయండి. పెళ్లిచూపుల రోజు, తాంబూలాల రోజు, పెళ్లి రోజు, మీరు తిరిగి వెళ్లిన రోజు, ఈ నాలుగూ పాస్‌పోర్ట్ స్టాంపులతో, టికెట్లతో కలవాలి. ఫోటోలు వందలు పెట్టొద్దు, చెక్‌లిస్టులోనే 20కి మించొద్దని ఉంటుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు తలా ఒకటి, మిగతావి ఇరువైపుల పెద్దవాళ్లతో కలిసి ఉన్నవి పెట్టి, ఎవరు ఎవరో కింద రాయండి. స్టేజీ మీద ఇద్దరే నిలబడి తీసుకున్న పాతిక ఫోటోల కంటే, మామగారింట్లో చాప మీద కూర్చుని అందరూ భోంచేస్తున్న ఒక్క ఫోటో ఎక్కువ చెప్తుంది. పెళ్లి తర్వాత మళ్లీ కలవడానికి వెళ్లిన ప్రయాణాలు, పంపిన డబ్బులు, కాల్ వివరాలు కొన్ని నెలల మీద పరిచి పెట్టాలి, ఒక్క వారానివే కాదు. శుభలేఖ లాంటివి తెలుగులో ఉంటే సరైన అనువాదం జత చేయాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉండడం మనవాళ్లలో చాలా ఎక్కువ. పెళ్లి సర్టిఫికెట్‌లో కూడా అదే వరసలో రాయించండి. ఇదివరకు పెళ్లై విడిపోయినవాళ్లయితే కోర్టు డిక్రీ పెట్టాలి, పెద్దమనుషుల్లో రాసుకున్న కాగితం మీద ఆధారపడొద్దు.

పోలీస్ సర్టిఫికెట్ ఒక్క ఇండియాదే కాదు. ఇదివరకు ఎక్కువ కాలం ఉన్న వేరే దేశానిది కూడా అడగొచ్చు. మా వారు దుబాయ్‌లో రెండేళ్లు చేశారు, అక్కడిది తెప్పించడానికే మాకు చాలా రోజులు పోయాయి.

డబ్బు సంగతి మీరు భయపడేంత లేదు. అమ్మానాన్నల్ని స్పాన్సర్ చేసేటప్పుడు ఇంత ఆదాయం చూపించాలని ఉంటుంది, భార్యకి భర్తకి మామూలుగా అలాంటి కనీస ఆదాయం లెక్క లేదు. వైకల్యం కారణంగా కాకుండా ప్రభుత్వం నుంచి సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటూ ఉండకూడదు. ఫీజు 2024 ఏప్రిల్ 30 నాటి లెక్కలో స్పాన్సర్‌షిప్‌కి 85, అప్లికేషన్‌కి 545, పీఆర్ హక్కు ఫీజు 575, మొత్తం 1,205 డాలర్లు, బయోమెట్రిక్స్‌కి ఇంకో 85. ఈ ఫీజులు రెండేళ్లకోసారి పెంచుతారు, కట్టే రోజు చూసుకోండి. ఇంకా ముఖ్యమైనది మీరు సంతకం పెట్టే హామీ. వాళ్లు పీఆర్ అయిన రోజు నుంచి 3 ఏళ్లపాటు వాళ్ల పోషణ బాధ్యత మీదే, మధ్యలో విడాకులైనా సరే. తనే భార్యగానో భర్తగానో స్పాన్సర్ అయి వచ్చిన మనిషి, పీఆర్ వచ్చిన 5 ఏళ్లదాకా ఇంకొకరిని భార్యగా భర్తగా స్పాన్సర్ చేయలేరు.

స్పాన్సర్ మీద వచ్చే ఆడపిల్లలకి, వాళ్ల తల్లిదండ్రులకి ఒక మాట. "నా మాట వినకపోతే నీ పీఆర్ తీయించేస్తా" అని బెదిరించే భర్తలు ఉన్నారు, నేను విన్నాను. ఒకప్పుడు రెండేళ్లు కలిసి ఉంటేనే పీఆర్ నిలుస్తుందన్న షరతు ఉండేది, 2017 ఏప్రిల్‌లో దాన్ని తీసేశారు. నిజమైన పెళ్లితో వచ్చి పీఆర్ అయ్యాక కాపురం చెడినంత మాత్రాన మీ పీఆర్‌ని భర్త తీయించలేడు. కానీ ఫైల్ ఇంకా నడుస్తుండగా అయితే స్పాన్సర్ వెనక్కి తీసుకోవచ్చు. ఇంట్లో పరిస్థితి బాగోలేకపోతే ఏ దశలో ఉన్నారో తెలుసుకోవడం అందుకే అవసరం.

ఏజెంట్ పెట్టుకోవాలా, మనమే వేసుకోవాలా? మొదటి పెళ్లి, పిల్లలు లేరు, పాత రిజెక్షన్లు లేవు అంటే మీరే వేసుకోవచ్చు, అంతా ఆన్‌లైన్ పోర్టల్‌లోనే, ఓపికగా చదివితే మనకే అర్థమవుతుంది. రెండో పెళ్లి, ఇదివరకు వీసా రిజెక్షన్, పెద్ద వయసు తేడా, కేసులు లాంటివి ఉంటే డబ్బు పెట్టి మనిషిని పెట్టుకోండి. ఆ మనిషి కెనడా లాయరైనా అయ్యుండాలి, లేదా కన్సల్టెంట్ల కాలేజీలో లైసెన్స్ ఉన్నవాడైనా అయ్యుండాలి, లైసెన్స్ నంబరు అడిగి ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో చూడండి. "నా పేరు ఫారంలో రాయొద్దు, అంతా నేను వెనక నుంచి చూసుకుంటా" అన్నాడంటే లేచి వచ్చేయండి. వాడు రాసిన అబద్ధానికి 5 ఏళ్ల నిషేధం పడేది మీ భార్య మీదో భర్త మీదో.

చివరగా, ఫైల్ నడుస్తుండగా ఇద్దరూ ఇండియాలో కలిసి ఉండొచ్చా అని కూడా అడుగుతున్నారు, ముఖ్యంగా బిడ్డ పుట్టబోతున్నప్పుడు. స్పాన్సర్ కెనడా పౌరసత్వం ఉన్నవాళ్లయితే ఉండొచ్చు, పీఆర్ వచ్చాక ఇద్దరం కెనడాకి వచ్చి ఉంటామని చూపించాలి. స్పాన్సర్‌కి పీఆర్ మాత్రమే ఉంటే కెనడాలోనే కాపురం ఉండాలి, కాన్పుకి వెళ్లి కొన్ని వారాలు ఉండి రావడం వేరు, ఉద్యోగం మానేసి అక్కడే నెలల తరబడి ఉండిపోవడం వేరు. ఈ మధ్యలో ఇండియాలో బిడ్డ పుడితే ఆ సంగతి వెంటనే ఫైల్‌లో చెప్పాలి, మీ భార్య ల్యాండ్ అయ్యేలోపే. చెప్పకుండా పీఆర్ తీసుకుంటే ఆ బిడ్డని తర్వాత తెచ్చుకోవడంలో చిక్కులొస్తాయి. పుట్టిన సర్టిఫికెట్, బిడ్డ పాస్‌పోర్ట్ పని ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వారంలోనే మొదలుపెట్టండి.